ట్రాలీనా, డీసీఎమ్మా, ప్యాకర్సా? వరంగల్ నుంచి ఇల్లు మారేవాళ్లకు ఖర్చు లెక్క, ఎంపిక సలహా

ఇల్లు మారాలనుకోగానే నోటికొచ్చే మొదటి మాట "ఎంత అయితది?" అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకోటి ఉంది: మీ సామాను ఎన్నిసార్లు చేతులు మారుతుంది? హన్మకొండలో ఇంటి ముందు ఎక్కించిన బండి నేరుగా ఉప్పల్‌లో కొత్త ఇంటి ముందు ఆగితే ప్రతి వస్తువునూ ఎత్తేది ఒకసారి, దించేది ఒకసారి. అదే సామాను దారిలో గోదాములో దిగి ఇంకో లారీ ఎక్కితే ఆ లెక్క నాలుగు అవుతుంది, ఒక్కోసారి ఆరు. బీరువా సొట్టపడేది, డైనింగ్ టేబుల్ అద్దం పగిలేది ఎక్కువగా రోడ్డు మీద కాదు. మెట్ల మలుపులో, బండి డాలా (తొట్టి తలుపు) అంచున. ట్రాలీ (టాటా ఏస్ లాంటి చిన్న బండి), డీసీఎం (మినీ లారీ), ప్యాకర్స్, పార్ట్‌లోడ్ (ఇతరుల సామానుతో కలిపి ఒకే లారీలో పంపడం), ఈ నాలుగింటినీ కిరాయి వరుసలో కాకుండా చేతులు మారే వరుసలో పెట్టి చూస్తే ఎంపిక సగం అక్కడే తేలిపోతుంది.

కింద వాడిన ధరలు లెక్క ఎలా కట్టాలో చూపడానికి వేసుకున్న అంకెలు. మీ గల్లీ, మీ అంతస్తు, మీరు మారే తేదీని బట్టి రేటు మారుతుంది కాబట్టి మీరు అడిగి తెచ్చుకున్న ధరను అదే జాగాలో రాసుకోండి.

ఊరు దాటకుండా మారితే

కాజీపేట నుంచి కరీమాబాద్ దాకా పోయినా పదిహేను కిలోమీటర్లు దాటదు. ఈ దూరానికి ట్రాలీ, ముగ్గురు హమాలీలు చాలు. ప్యాకర్స్ అవసరం దాదాపు ఉండదు.

టాటా ఏస్ తొట్టి పొడవు సుమారు 7 అడుగులు, వెడల్పు 5 అడుగులకు కొంచెం తక్కువ, మోసే బరువు ముప్పావు టన్ను దగ్గర. డబుల్ బెడ్‌రూం ఇంటికి మూడు ట్రిప్పులు పడతాయి. బొలెరో పికప్ అయితే రెండు. ట్రిప్పు 1,500 అనుకుంటే మూడింటికి 4,500, హమాలీకి 900 చొప్పున ముగ్గురికి 2,700, మొత్తం 7,200. అట్టపెట్టెలు కూడా కొననక్కర్లేదు. బియ్యం సంచులు, చద్దర్లలో కట్టిన మూటలు, ప్లాస్టిక్ టబ్బులు, సూట్‌కేసులు సరిపోతాయి.

ఇక్కడ పైసలు పోయేది బేరం దగ్గర కాదు, బేరం ఆడిన తీరు దగ్గర. "రోజు కూలికి రండి" అంటే పని సాయంత్రం దాకా సాగుతుంది. గుత్తకు మాట్లాడాలి. గుత్తలో నాలుగు మాటలు ముందే అనేయాలి: ఇక్కడ ఎన్నో అంతస్తు, అక్కడ ఎన్నో అంతస్తు, లిఫ్ట్ ఉందా, బండి గుమ్మం దాకా వస్తదా. బీరువా, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, టేకు మంచం పేరు పెట్టి చెప్పాలి. ఇవి చెప్పకుండా ఒప్పుకున్న గుత్త మెట్ల దగ్గరికి రాగానే తిరగబడుతుంది.

గిర్మాజీపేట, మట్టెవాడ లాంటి పాత గల్లీల్లో ఉండేవాళ్లు వేరే ఊరికి మారుతుంటే ఇంకో చిక్కు ఉంది. డీసీఎం లోపలికి రాదు. అప్పుడు ఇంటి నుంచి మెయిన్ రోడ్డు దాకా ట్రాలీలో, అక్కడి నుంచి డీసీఎంలో. అంటే ఎత్తడం దించడం ఇంకో జత పెరిగింది. హైదరాబాద్‌లో చేరే ఇల్లు కూడా సందులో ఉంటే మరో జత. కొటేషన్ తీసుకునేటప్పుడు ఈ ట్రాలీ ఖర్చు ఎవరిదో రాయించుకోకపోతే అది తప్పకుండా మీ మీదే పడుతుంది.

ముందు టేపు పట్టండి

బండి సైజు అందాజాతో తేల్చొద్దు. "డబుల్ బెడ్‌రూం కదా, పద్నాలుగు ఫీట్లది సాలు" అనే మాట సగం ఇళ్లకే నిజం. ఘనపుటడుగుల లెక్క అరగంట పని. పొడవు, వెడల్పు, ఎత్తు అడుగుల్లో కొలిచి గుణించడమే.

ఒక మామూలు ఇంటిని తీసుకుందాం. విప్పిన మంచాలు రెండు 40, పరుపులు రెండు 36, డబుల్ డోర్ ఫ్రిజ్ 25, టాప్‌లోడ్ వాషింగ్ మెషిన్ 12, ఆరున్నర అడుగుల ఇనుప బీరువా 31, త్రీ ప్లస్ వన్ ప్లస్ వన్ సోఫా 112, కాళ్లు విప్పిన డైనింగ్ టేబుల్, నాలుగు కుర్చీలు 40, కూలర్ 25. పద్దెనిమిది అంగుళాల అట్టపెట్టె ఒక్కోటి మూడున్నర ఘనపుటడుగుల లోపు, ముప్పై పెట్టెలకు 101. మొత్తం 422.

14 అడుగుల డీసీఎం తొట్టి 14 ఇంటూ 6 ఇంటూ 6 అనుకుంటే 504. కానీ సామాను ఇటుకల్లాగా పేరదు. సోఫా చేతుల మధ్య, కుర్చీ కాళ్ల మధ్య ఖాళీలకు పదిహేను శాతం తీసేయాలి. మిగిలేది 428. అంటే పై ఇల్లు సరిగ్గా పడుతుంది. దానికి ఒక బైకు, నాలుగు పూలకుండీలు కలిపారా, 460 దాటింది. ఇప్పుడు 17 అడుగుల బండి కావాలి, లేదా ఏదో ఒకటి వదిలేయాలి. బండి నిండిపోయి కూలర్, మొక్కలు గేటు బయట మిగిలిపోవడం, వాటి కోసం అప్పటికప్పుడు ఇంకో ట్రాలీ వెతుక్కోవడం, ఇదంతా టేపు పట్టకపోవడం వల్లే.

పై లెక్కలో సోఫా ఒక్కటే నాలుగో వంతు జాగా తినేసింది చూడండి. పదేళ్ల సోఫా, నురుగు కుంగిపోయి, బట్ట చిరిగి ఉంటే దాన్ని హైదరాబాద్‌కు మోయించడం కన్నా ఇక్కడే అమ్మేయడం లాభం. పాత కూలర్ కూడా అంతే. పుస్తకాలు, పాత ఇత్తడి బిందెలు మాత్రం వేరే రకం. జాగా తక్కువ, బరువు ఎక్కువ. పుస్తకాలను చిన్న పెట్టెల్లో, పదిహేను కిలోలు దాటకుండా సర్దాలి. పెద్ద పెట్టె నిండా పుస్తకాలు పెడితే మెట్ల మధ్యలో అడుగు ఊడిపోతుంది. పుస్తకాలే ఎక్కువున్న పది పన్నెండు పెట్టెలైతే హన్మకొండ బస్టాండులో ఆర్టీసీ కార్గోకు వేసినా పోతుంది. బస్టాండు దాకా తీసుకుపోవడం, అక్కడి నుంచి తెచ్చుకోవడం మీ పని.

హైదరాబాద్‌కు: డీసీఎం ఒకవైపు, ప్యాకర్స్ ఒకవైపు

అసలు ఆలోచించాల్సిన దూరం ఇదే. సుమారు 150 కిలోమీటర్లు, 163వ నంబరు జాతీయ రహదారి, కోమళ్ల దగ్గర ఒక టోల్, బీబీనగర్ దగ్గర గూడూరులో ఇంకోటి. డీసీఎం యజమాని రానుపోను 300 కిలోమీటర్లు లెక్కేస్తాడు, ఎందుకంటే ఖాళీగా తిరిగి రావాలి. లీటరుకు ఎనిమిది కిలోమీటర్లు అనుకున్నా 37 లీటర్లు దాటుతుంది, డీజిల్ లీటరు 95 లెక్కన 3,600 దాకా ఒక్క నూనెకే. దాని మీద టోల్, డ్రైవర్ భత్తా, బండి కిస్తీ. ఈ లెక్క తెలిస్తే 11,000 అడిగినప్పుడు ఎక్కడ ఆపాలో, 6,000కే వస్తానంటే ఎందుకు అనుమానించాలో అర్థమవుతుంది. అంత తక్కువకు వచ్చే బండి ఇంకొకరి సామాను కూడా ఎక్కించుకుంటుంది. లేదా అది ఇక్కడ సరుకు దించి హైదరాబాద్‌కు ఖాళీగా తిరిగిపోయే బండి అయి ఉండాలి. రెండోది నిజంగా మంచి బేరమే. అలాగే హైదరాబాద్ నుంచి వరంగల్‌కు మారేవాళ్లకు ఇక్కడి నంబరు బండి, అంటే తిరిగి ఇంటికొచ్చే బండి, చౌకగా దొరుకుతుంది. అయితే అది ఏ పూటకు వస్తుందో డ్రైవర్ చేతిలో కూడా ఉండదు.

హన్మకొండలో రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు. ఉప్పల్‌లో మూడో అంతస్తు, లిఫ్ట్ ఉంది. సొంతంగా చేసుకుంటే బిల్లు ఇలా:

డీసీఎం కిరాయి, టోల్‌తో కలిపి 11,000
ఇక్కడ ఎక్కించడానికి నలుగురు, 900 చొప్పున 3,600
అక్కడ దించడానికి నలుగురు, 1,000 చొప్పున 4,000
ముప్పై అట్టపెట్టెలు, టేపు, బబుల్ షీటు, చుట్టే ప్లాస్టిక్ 3,500
మంచాలు విప్పి బిగించే వడ్రంగికి 1,000
ఒక ఏసీ తీయడం, మళ్లీ బిగించడం 2,500
డ్రైవర్ భత్తా, అందరికీ చాయ్ టిఫిన్లు 1,100

కలిపితే 26,700. పది శాతం చేతిలో ఉంచుకుంటే 29,400.

ప్యాకర్స్ 26,000 చెప్పారనుకోండి. వినడానికి సొంత ఖర్చు కన్నా తక్కువ. ప్యాకింగ్‌తో కలిపి చేసే పనికి 18 శాతం జీఎస్టీ వేస్తారు, 4,680. ఏసీ విడిగా 2,500. అక్కడికి 33,180. మూడు లక్షల సామానుకు రెండు శాతం లెక్కన ట్రాన్సిట్ ఇన్సూరెన్స్ తీసుకుంటే ఇంకో 6,000, మొత్తం 39,180.

కాబట్టి ఇన్సూరెన్స్ పక్కన పెడితే, పది శాతం కలిపిన సొంత ఖర్చుతో తేడా నాలుగు వేల లోపే. ఈ నాలుగు వేలకు మీకు తప్పేది రెండు మూడు రోజుల చాకిరీ, అవతలి ఊళ్లో హమాలీలను వెతుక్కునే తిప్పలు. ఇంట్లో ముసలివాళ్లు, చంటిపిల్లలు ఉంటే, భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు పోయేవాళ్లయితే ప్యాకర్సే సరి. సామాను తక్కువ, పెద్ద టీవీ లేదు, అద్దాల ఫర్నిచర్ లేదు, సాయానికి తమ్ముడో బామ్మర్దో వస్తాడంటే డీసీఎం.

బదిలీ ఖర్చు ఆఫీసులో రాబట్టుకునేవాళ్ల సంగతి వేరు. సింగరేణి, బ్యాంకు, రైల్వే ఉద్యోగులకు జీఎస్టీ బిల్లు, లారీ రసీదు, పైసలు కట్టిన రుజువు, మూడూ కావాల్సి రావచ్చు. మీ ఆఫీసు ఏవేవి అడుగుతుందో ముందే కనుక్కోండి. చిన్న డీసీఎం యజమాని ఇవన్నీ ఇవ్వలేకపోవచ్చు. ఇస్తానని చెప్పి పాత పుస్తకంలోంచి చింపిచ్చిన కాగితం ఆఫీసులో నిలబడదు.

మధ్యే మార్గం ఒకటుంది, మా ఓటు దానికే. బట్టలు, గిన్నెలు, పుస్తకాలు మీరే సర్దుకోండి. ఫ్రిజ్, టీవీ, అద్దాలు, సోఫా, పరుపులు మాత్రం ప్యాకర్స్ చేత చుట్టించి, బండి, మనుషులు కూడా వాళ్లవే పెట్టించండి. "బట్టలు, కిచెన్ మేమే కట్టుకుంటాం, పెట్టెలు మూసి టేపేసి ఉంచుతాం, తగ్గించి చెప్పండి" అని అడిగితే రేటు దిగుతుంది. ఒక్క షరతు: మీరు మూసిన పెట్టెలో పగిలినదానికి వాళ్లు పూచీ పడరు. కాబట్టి గాజు సామాను మీ పెట్టెల్లో పెట్టకండి, వాళ్లకే వదిలేయండి.

కొటేషన్ కాగితం ఎలా చదవాలి

ఫోన్‌లో "టూ బీహెచ్‌కేకు ఇరవై వేలు" అనేది కొటేషన్ కాదు. మనిషి ఇంటికి రావాలి, లేకపోతే వీడియో కాల్‌లో ఇల్లంతా చూపాలి. చూపేటప్పుడు సజ్జలు, మంచాల కింద పెట్టెలు, మేడ మీద కుండీలు, మెట్ల కింద పెట్టిన పాత సైకిల్, ఇన్వర్టర్ బ్యాటరీ, దేవుడి మందిరం మరిచిపోతారు. దించే రోజు "ఇవి లిస్టులో లేవు సార్" అనేది సరిగ్గా వీటి దగ్గరే.

ముగ్గురి దగ్గర తీసుకోండి. మూడు కాగితాల్లో ఒకటి మిగతా రెండింటి కన్నా సగానికి సగం తక్కువుంటే దాన్ని పక్కన పెట్టేయండి. అది కొటేషన్ కాదు, ఎర. సామాను బండెక్కాక, లేదా కొత్త ఇంటి గేటు దగ్గరికి వచ్చాక, "ఫ్లోర్‌కు ఇంత, దూరం మోసినందుకు ఇంత, వెయిటింగ్‌కు ఇంత, కట్టినంకనే దించుతం" అని మొదలవుతుంది. అప్పుడు మీ ఇల్లంతా వాళ్ల బండిలో ఉంది, బేరమాడే బలం మీ దగ్గర లేదు.

కాగితం మీద అక్షరాల్లో ఉండాల్సినవి: బండి సైజు, ఓపెన్ బాడీనా కంటైనర్ బాడీనా, సామాను మొత్తం ఒక్కరిదేనా, దారిలో బండి మారుతుందా, రెండు చోట్లా అంతస్తులు, గేటు నుంచి బండి ఆగే జాగా ఎంత దూరం, టోల్ ఎవరిది, మంచాలు విప్పి బిగించడం కలిసిందా, పెట్టెలు విప్పి చెత్త తీసుకుపోతారా, జీఎస్టీ కలిపా వేరా, చేరే తేదీ. "దారిలో బండి మారదు" అనే వాక్యం వరంగల్ వాళ్లకు ముఖ్యం. ఇక్కడ బుకింగ్ తీసుకుని, హైదరాబాద్ గోదాములో దించి, రేపో ఎల్లుండో అక్కడి బండిలో పంపడం ఈ రూట్లో ఉన్నదే.

జీఎస్టీ నంబరు పదిహేను అక్షరాలుంటుంది, తెలంగాణ రిజిస్ట్రేషన్ 36తో మొదలవుతుంది. జీఎస్టీ పోర్టల్‌లో కొడితే ఏ పేరు మీద ఉందో, ఇంకా నడుస్తుందో లేదో కనిపిస్తుంది. పెద్ద కంపెనీ పేరుకు ముందో వెనకో ఒక మాట తగిలించుకుని తిరిగేవాళ్లు చాలామంది. కొటేషన్ మీది పేరు, జీఎస్టీ పేరు, మీరు పైసలు పంపే ఖాతా పేరు, ఈ మూడూ ఒకటి కాకపోతే ఎందుకో అడగాలి.

బయానా పది శాతం చాలు. సామాను ఎక్కి రసీదు చేతికొచ్చాక సగం. మిగతాది దించి, లెక్క చూసుకున్నాక. ఎక్కించే ముందే ఎనభై తొంభై శాతం అడిగేవాళ్లకు ఇవ్వకండి.

దూరం పెరిగితే

బెంగళూరు సుమారు 700 కిలోమీటర్లు. ఇక్కడ డీసీఎం గుత్త పనికిరాదు. రాష్ట్రం దాటే పర్మిట్ ఉన్న బండి కావాలి, అవతల భాష తెలిసిన హమాలీలు కావాలి, ఏదైనా పగిలితే నిలదీయడానికి కంపెనీ కావాలి. పూర్తి ఇల్లైతే ప్యాకర్స్, బండి మొత్తం మీదే. వాడిన ఇంటి సామానుకు ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే జీఎస్టీ కాగితం) అవసరం లేదు, నియమాల్లోనే మినహాయింపు ఉంది. కానీ మారే సందర్భంగా కొన్న కొత్త టీవీ, కొత్త ఫ్రిజ్ పెట్టె విప్పకుండా పంపుతుంటే కొన్న బిల్లు కాపీ బండితో పాటు ఉంచండి.

సామాను 200 ఘనపుటడుగుల లోపే ఉంటే పార్ట్‌లోడ్ మాట వస్తుంది. ధర పూర్తి బండిలో సగం కూడా ఉండకపోవచ్చు. చేతుల లెక్క మాత్రం చూడండి: ఇంటి దగ్గర ఎక్కింపు, హైదరాబాద్ గోదాములో దింపు, పెద్ద లారీలోకి ఎక్కింపు, బెంగళూరు గోదాములో దింపు, చిన్న వ్యాన్‌లోకి ఎక్కింపు, ఇంటి దగ్గర దింపు. ఆరుసార్లు. లారీ నిండేదాకా కదలదు కాబట్టి వారం నుంచి రెండు వారాలు. బట్టలు, పుస్తకాలు, ప్లాస్టిక్ కుర్చీలు, ఇనుప మంచం, స్టీలు గిన్నెలకు ఇది భేషైన పద్ధతి. టీవీ, అద్దాల షోకేస్, ప్లైవుడ్ వార్డ్‌రోబ్ దీనిలో వేయకండి. ప్లైవుడ్‌ను రెండోసారి విప్పి బిగిస్తేనే స్క్రూ పట్టు వదిలేస్తుంది, ఆరుసార్లు ఎత్తితే మూలలు చితుకుతాయి.

కరీంనగర్, భూపాలపల్లి సుమారు డెబ్బై కిలోమీటర్లు. వీటికి హైదరాబాద్ పద్ధతిలోనే లెక్కేసుకుని, సామాను తక్కువుంటే డీసీఎం బదులు బొలెరో పికప్ రెండు ట్రిప్పులు కూడా చూడండి. రెండో ట్రిప్పు ఖాళీగా వచ్చి మళ్లీ పోవాలి కాబట్టి చాలాసార్లు పెద్ద బండి ఒక్కటే చౌక.

బైకు: హైదరాబాద్ దాకా అయితే ఎవరో ఒకరు నడుపుకుంటూ పోవడమే తేలిక. బెంగళూరుకైతే వరంగల్ లేదా కాజీపేట స్టేషన్ పార్సిల్ ఆఫీసు. ఆర్‌సీ, గుర్తింపు కార్డు కాపీలు కావాలి, ట్యాంకులో పెట్రోల్ చుక్క ఉండకూడదు, గోనె పట్టాతో చుట్టించాలి. ఎంచుకున్న రైలు పార్సిల్ ఎక్కించుకునేంత సేపు ఆ స్టేషన్‌లో ఆగుతుందో లేదో ముందే అడగండి, లేకపోతే సికింద్రాబాద్‌లో మారి అక్కడే రోజులు పడుతుంది.

తేదీలోనే ఉంది బేరం

అదే బండి, అదే మనుషులు. మంచి ముహూర్తం రోజు రేటు ఒకటి, మామూలు మంగళవారం రేటు ఇంకోటి. నెలాఖరు నుంచి ఐదో తారీఖు దాకా కిరాయి ఇళ్ల మార్పులు, జూన్ రెండో వారంలో బడులు తెరిచే ముందు రద్దీ, ఇవి తెలిసినవే.

మన దిక్కు ప్రత్యేకంగా రెండు చూసుకోవాలి. ఎండాకాలం మొదట్లో ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి దిగుతుంటే హమాలీలు, బండ్లు అటే పోతాయి. ఇంటి సామాను మోయడానికి మనిషి దొరకడు, దొరికినా కూలి ఎక్కువ. రెండోది మేడారం జాతర. రెండేళ్లకోసారి, 2026లో జనవరి 28 నుంచి 31 దాకా జరిగింది. ఆ వారమంతా 163వ రహదారి మీద ట్రాఫిక్, బండ్లన్నీ జాతర కిరాయిలకే.

ముహూర్తం పట్టింపు ఉన్నవాళ్లకు ఒక ఉపాయం. పాలు పొంగించేదీ సామాను చేర్చేదీ ఒకే రోజు కానక్కర్లేదు. ముహూర్తానికి దేవుడి పటాలు, పొయ్యి, పాలగిన్నె, ఉప్పు, పసుపు కుంకుమ కారులో తీసుకుపోయి పాలు పొంగించి రండి. బండి రెండు మూడు రోజుల తర్వాత, ఎవరూ అడగని రోజు పెట్టుకోండి. జ్యేష్ఠంలో పాలు పొంగించి, సామాను ఆషాఢంలో తరలించేవాళ్లకు బండివాళ్లు చెప్పిన రేటు నుంచి దిగిరావడం ఖాయం. పాత ఇంటికి ఇంకో నెల కిరాయి పడకుండా చూసుకుంటే చాలు.

ఆషాఢమంటే వానలు కూడా. 2023 జూలై ఆఖరులో, 2025 అక్టోబరు ఆఖరులో మోంథా తుఫానుకు హన్మకొండ, వరంగల్ కాలనీలు ఎలా మునిగాయో అందరూ చూశారు. వానాకాలం ఓపెన్ బాడీ బండి మాట్లాడితే తాడిపత్రి (టార్పాలిన్) ఒకటి కాదు, రెండు అడగండి. ఒకటి తొట్టి అడుగున, ఒకటి పైన. నీళ్లు పైనుంచే కాదు, డాలా సందుల్లోంచి, చక్రాల చిమ్ముడు వల్ల కింది నుంచి కూడా వస్తాయి. పరుపు అడుగు తడిస్తే పైకి కనిపించదు, వారానికి వాసన మొదలవుతుంది.

చెడిపోయేవి ఇవి, ఎందుకంటే

ఏసీ తీయించేటప్పుడు పక్కనే నిలబడండి. సరైన పద్ధతిలో మెకానిక్ ఏసీని కూలింగ్‌లో నడుపుతూ, బయటి యూనిట్ దగ్గర సన్న పైపు వాల్వును అలెన్ కీతో మూస్తాడు. నిమిషం పాటు ఆగి లావు పైపు వాల్వు మూసి, వెంటనే ఆపేస్తాడు. గ్యాస్ మొత్తం బయటి యూనిట్‌లో చేరి నిలుస్తుంది. తొందరలో నేరుగా నట్టు వదులు చేస్తే బుస్సుమని గ్యాస్ పోతుంది. కొత్త ఇంట్లో మళ్లీ నింపించాలి, అది అనుకోని రెండు మూడు వేలు. తీసిన రాగి పైపు కొసలకు టేపు వేయించండి, దుమ్ము, తేమ పోకూడదు. పైపు మడత పడితే పనికిరాదు, పెద్ద చుట్టగా చుట్టాలి.

ఫ్రంట్‌లోడ్ వాషింగ్ మెషిన్ కొన్నప్పుడు వెనక నుంచి తీసిన పొడవాటి బోల్టులు ఎక్కడున్నాయో వెతకండి. అవి బిగించకుండా తీసుకుపోతే డ్రమ్ము లోపల ఊగి స్ప్రింగులు, డ్యాంపర్లు దెబ్బతింటాయి. కొత్త ఇంట్లో తీయకుండా నడిపినా ప్రమాదమే. పోయాయంటే సర్వీస్ సెంటర్‌లో అడగండి. టాప్‌లోడ్‌కు టబ్బు చుట్టూ పాత చద్దర్ కుక్కితే సరిపోతుంది.

ఫ్రిజ్ ముందు రోజే ఖాళీ చేసి, మంచు కరిగించి, తుడిచి ఆరబెట్టాలి. నిలువుగానే పోవాలి. మెట్ల దగ్గర బాగా వంచాల్సి వస్తే చేరాక నాలుగు నుంచి ఆరు గంటలు ప్లగ్ పెట్టొద్దు, కంప్రెసర్ నూనె కిందికి దిగాలి.

ఇనుప బీరువా తలుపుకు అద్దం ఉంటే దాని మీదికి పరుపు ఆనించి కట్టాలి. బీరువాలో బట్టలు వదిలేస్తే పని తగ్గుతుందనుకుంటారు. అసలే ఎనభై కిలోలు, దానికి పట్టుచీరలు కలిస్తే మెట్ల మీద ముగ్గురి చేతుల్లోంచీ జారుతుంది. బంగారం, ఇంటి కాగితాలు, సర్టిఫికెట్లు ఎవరి బండిలోనూ వద్దు, మీ సంచిలోనే.

ఇన్వర్టర్ ట్యూబులర్ బ్యాటరీ యాభై కిలోల పైమాట, లోపల యాసిడ్. ముందు నెగెటివ్ తీగ, తర్వాత పాజిటివ్ విప్పి, టెర్మినల్స్‌కు టేపు వేసి, ప్లాస్టిక్ టబ్బులో నిలువుగా, బట్టలకు దూరంగా పెట్టాలి.

గ్యాస్ సిలిండర్ బండిలో ఎక్కించొద్దు. వేరే ఊరికి మారితే సిలిండర్, రెగ్యులేటర్ ఏజెన్సీలో ఇచ్చి డిపాజిట్ వెనక్కి తీసుకుని, ట్రాన్స్‌ఫర్ వోచర్ రాయించుకోవాలి. కొత్త ఊళ్లో డిపాజిట్ కట్టి దాని మీదే కనెక్షన్ తీసుకోవచ్చు. నాలుగైదు రోజుల ముందు పని ఇది.

మే, జూన్‌లో మారేవాళ్ల ఇంట్లో కొత్త ఆవకాయ ఉంటుంది. జాడీ మూతి మీద ప్లాస్టిక్ కవరు వేసి, దాని మీద మూత, దాని మీద బట్ట కట్టి, బకెట్‌లో నిలబెట్టి కారులో కాళ్ల దగ్గర పెట్టుకోండి. జాడీ బండిలో పడితే ఆ నూనె, కారం పరుపులోకి దిగిందంటే పరుపు అక్కడితో సరి.

ఇన్సూరెన్స్ అంటే ఏది

ప్యాకర్స్ బిల్లులో "ఎఫ్ఓవీ" (సామాను విలువ మీద వేసే చార్జీ) అనో "రిస్క్ కవర్" అనో మూడు శాతం కనిపిస్తే అది ఇన్సూరెన్స్ పాలసీ కాదు, వాళ్లు వాళ్ల మాట మీద తీసుకునే పూచీ. పాలసీ అంటే బీమా కంపెనీ పేరు, పాలసీ నంబరు, మీ పేరు ఉన్న కాగితం. దానిలోనూ ఇన్‌ల్యాండ్ ట్రాన్సిట్ ఏ, బీ, సీ అని మూడు క్లాజులు. సీ నిప్పు, పిడుగుకే. బీలో బండి గుద్దుకోవడం, బోల్తా పడడం లాంటివి కలుస్తాయి. దించేటప్పుడు చేయిజారి పగిలినదానికి కావాల్సింది ఏ. హైదరాబాద్ దాకా, బండి మొత్తం మీ సామానుకే, లక్షన్నర లోపు సామాను అయితే ఇన్సూరెన్స్ లేకుండా పోయినా తప్పు లేదు. బెంగళూరు, పుణె అయితే ఏ క్లాజు తీసుకోండి.

పాలసీ లేకపోతే చట్టం ఎంతవరకు కాపాడుతుందో కూడా తెలిసుండాలి. 2007 క్యారేజ్ బై రోడ్ చట్టం కింద 2011లో వచ్చిన నిబంధనల ప్రకారం, ఎక్కువ విలువ ముందే ప్రకటించి దానికి అదనంగా కట్టకపోతే, రవాణాదారు ఇచ్చే పరిహారం కిరాయికి పది రెట్లు దాటదు.

సంతకం పెట్టే ముందు

ఎక్కించేటప్పుడు ప్యాకర్స్ సూపర్‌వైజర్ ఒక లిస్టు రాస్తాడు. ప్రతి వస్తువు పక్కన చిన్నగా "గీతలున్నవి", "వాడినది", "సొట్ట" అని టిక్కులు పడుతుంటాయి. ఏ దెబ్బా లేని టీవీ పక్కన కూడా. మీరు హడావుడిలో కింద సంతకం పెట్టేస్తే, అవతల గీత పడినా అది పాతదే అవుతుంది. వస్తువు చుట్టకముందే నాలుగు వైపులా ఫోటోలు తీసి, టీవీ వెలుగుతుండగా ఒక వీడియో తీసి, లిస్టులో తప్పు టిక్కు కొట్టేయించి అప్పుడు సంతకం పెట్టండి. లారీ రసీదు మీద బండి నంబరు, మొత్తం నగాలు (పెట్టెలు, వస్తువుల సంఖ్య), తేదీ ఉండాలి. బండి కదిలే ముందు ఆ నంబరు ప్లేటు ఫోటో ఒకటి.

అపార్ట్‌మెంట్‌లోకి చేరుతుంటే అక్కడి సొసైటీకి రెండు రోజుల ముందే చెప్పాలి. లిఫ్ట్ వాడే వేళలు, సామాను ఎక్కించే చార్జీ కొన్నిచోట్ల ఉంటాయి. పగలు పెద్ద బండ్లను రానివ్వని రోడ్లు హైదరాబాద్‌లో చాలా ఉన్నాయి, కాబట్టి తెల్లవారుజామున ఉప్పల్ చేరేట్టు రాత్రి ఎక్కించి పెట్టుకోవడం మేలు.

దించేటప్పుడు ఒకరు బండి దగ్గర, ఒకరు గుమ్మం దగ్గర నిలబడి నంబర్లు కొట్టుకోవాలి. పెట్టెల మీద ఒకటి, రెండు అని పెద్దగా రాసుంటేనే ఇది కుదురుతుంది. పగిలినది, తగ్గినది ఏదైనా ఉంటే డెలివరీ కాగితం మీదే రాసి, డ్రైవర్ చేత సంతకం పెట్టించి, ఫోటో తీసి, అదే రోజు కంపెనీకి మెయిల్ పంపండి. "రేపు ఫోన్ చెయ్యండి సార్" అనే మాట మీద ఆగకండి. కోర్టుకు పోవాలంటే బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల్లోపు రాతపూర్వక నోటీసు ఇచ్చి ఉండాలని ఆ 2007 చట్టమే చెబుతోంది. దానికంటే ముందు 1915కు ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదవుతుంది. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపైతే అక్కడ కేసు వేయడానికి ఫీజు లేదు.